మూడో అరుపు

"మూడుసార్లు అరిస్తే ఫెయిల్, మేడమ్. గోళ్ళతో గీరినా అరుపు కిందే లెక్క," అన్నాడు ట్రైనర్, కారు వెనక బోనుకు కట్టిన బెల్టులు ఒక్కొక్కటీ లాగి చూస్తూ.

బోనులో బండోడు కూర్చుని ఉన్నాడు. ఏడు నెలల లాబ్రడార్ పిల్ల. అప్పుడే పాతిక కిలోలు. చూపులేని వారికి దారి చూపే కుక్కగా తయారు కావాలంటే, ముందు కదిలే కారులో గంటసేపు బోనులో నోరు మూసుకుని కూర్చోగలగాలి.

"ఫెయిలైతే?" అందామె, తెలిసి కూడా.

"ఏముంది, పెంచినవాళ్ళకే ఇచ్చేస్తాం. మీకేం భయం లెండి. డ్రైవింగ్ నేర్పే మనిషి. మీ చేతిలో కారు ఉయ్యాలే కదా!"

ఆమె తలుపు వేసి సీటులో సర్దుకుంది. మళ్ళీ సర్దుకుంది. మూడు అరుపులు. అయిదు నెలలు పెంచినందుకు ఆ మాత్రం అడగడం అత్యాశ కాదు.

మొదటి మలుపులోనే క్లచ్ దబ్బున వదిలేద్దామనుకుంది. కాలు వినలేదు. పదకొండేళ్ళుగా మెత్తగా వదలడమే నేర్పుతున్న కాలు. అబద్ధం దానికి చేతకాదు. రెండో మలుపులో పళ్ళు బిగించి వదిలింది. కారు మేకపిల్లలా ఎగిరి ఆగిపోయింది. ట్రైనర్ కళ్ళజోడు ఒళ్ళో పడింది.

"ఏమైంది మేడమ్?"

"పిల్లి అడ్డొచ్చింది."

"నాకు కనపడలేదే!"

"ఎలా కనపడుతుంది సార్? కళ్ళజోడు మీ ఒళ్ళో ఉంటేనూ!"

అద్దంలోకి చూసింది. బండోడు ముందుకాళ్ళ మీద గడ్డం ఆనించి పడుకున్నాడు.

బజారు వీధిలో మూడో గేరు వేయాల్సిన చోట ఒకటో గేరు వేసింది. ఇంజను మూలిగింది. ఖాళీ రోడ్డు మీద బ్రేకు తొక్కింది. ముందు ఎవరూ లేకపోయినా హారన్ నొక్కి పట్టుకుంది. ట్రైనర్ తలుపు మీది పిడిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఏయే రోడ్ల మీద తిరుగుతుంటారో కాస్త చెప్పండి మేడమ్. నేనటు వెళ్ళను."

"ఇవాళ ఒంట్లో బాగాలేదండీ."

"నాకూ ఇప్పుడిప్పుడే బాగాలేకుండా పోతోంది."

అరవరా. ఒక్కసారి అరవరా. ఆ మాట లోపల ఎన్నిసార్లు అనుకుందో ఆమెకే తెలియదు. ప్రాణంగా పెంచినవాడు భయపడితే బాగుండునని కోరుకుంటున్నాననే సంగతి ఒక ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడు తట్టింది. అయినా దీపం మారగానే కాలు మళ్ళీ దబ్బున లేచింది. ఈపాటికి దానికి అబద్ధం అలవాటైపోయింది.

అద్దంలో బండోడు ఆవులించాడు. కళ్ళు మూసుకున్నాడు.

భయం లేదు సరే. కనీసం తనకోసమైనా ఒకసారి తలెత్తి చూడడా? ఇంత బేఫికరుగా పడుకున్నాడంటే, రేపు తాను లేకపోయినా ఇలాగే పడుకుంటాడన్నమాట. చివరి పది నిమిషాలూ ఆమె ఎలా నడిపిందో ఆమెకే గుర్తులేదు.

శిక్షణ కేంద్రం ఆవరణలో కారు ఆగగానే ట్రైనర్ దిగి, గోడ పట్టుకుని నిలబడి సగం సీసా నీళ్ళు తాగాడు. తర్వాత నోట్సులో పెద్ద సున్నా చుట్టాడు.

"ఒక్క అరుపు లేదు. మామూలుగా అయితే ఇంకో నెల మీ దగ్గరే ఉంచేవాళ్ళం. వీడికి అక్కర్లేదు. ఇంత ఘోరమైన డ్రైవింగులో గుర్రుపెట్టి నిద్రపోయినవాణ్ణి నా సర్వీసులో చూడలేదు. పెద్ద కేంద్రానికి వ్యాను ఇప్పుడే వెళ్తోంది. ఎక్కించేద్దాం."

"ఇప్పుడేనా?"

"మీ పుణ్యమే మేడమ్."

ఇద్దరూ చెరోవైపు పట్టి బోనును వ్యానులోకి ఎక్కించారు. ట్రైనర్ మళ్ళీ బెల్టులన్నీ బిగించాడు, గడియ లాగి చూశాడు. ముందు సీట్లో నెరిసిన మీసాల డ్రైవరు. ట్రైనర్ వెళ్ళి అతని పక్కన కూర్చున్నాడు. వ్యాను నీళ్ళ మీద పడవలా కదిలింది. కుదుపు లేదు, చప్పుడు లేదు.

పది గజాలు పోకుండానే లోపలినుంచి ఒక అరుపు. గుండె చీలిపోయేలా, పొడుగ్గా.

వ్యాను గేటు దగ్గరి స్పీడ్ బ్రేకర్ ఎక్కి దభీమని దిగింది. అరుపు ఆగింది. మళ్ళీ నున్నటి రోడ్డు. మళ్ళీ అరుపు.

వ్యాను ఆగింది. ట్రైనర్ దిగి, ఆమె దగ్గరికి వచ్చి నోట్సు తెరిచాడు. ముఖం వాడిపోయి ఉంది.

"వింతగా ఉంది మేడమ్. రెండయ్యాయి. దారిలో అరిచినా లెక్కే. ఇంకొక్కటి అరిస్తే ఇక వీడు మీవాడే."

ఇంకొక్కటి. ఆమె చేయాల్సిందల్లా పెదవులు కలిపి ఉంచడమే. వ్యాను వెనక్కి వెళ్ళి తలుపు సందులోంచి చూసింది. బండోడు బోను తీగలకు ముక్కు ఆనించి నిలబడి ఉన్నాడు. ఒళ్ళంతా వణుకుతోంది. ఉదయం నుంచీ ఏ భయం కోసం ఆమె అంతగా వెతికిందో, ఆ భయం ఇప్పుడు వాడి కళ్ళలో ఉంది.

డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాడు. బండోడు మెడ పైకెత్తాడు.

"ఆగండి!" ఆమె పరుగెత్తి వ్యాను కిటికీ పట్టుకుంది. "క్లచ్ దబ్బున వదలండి బాబాయ్, అలాగైతేనే నిద్రపోతాడు. వీడు పెరిగిందంతా నా స్టూడెంట్లు నడిపే కార్లోనే."