అనుభవాల కాగితం

"అనుభవాల కాగితం లేకుండా కవరు చేతికిస్తే ఉప్పు లేని కూర వడ్డించినట్టే!" అంది ఆమెని నూనె అమ్మకాల్లో చేర్పించిన లీడరక్క ఫోనులో. "ఇంకా రెండు గంటల టైముంది. నూనె వాడి బాగుపడ్డామని ఎవరో ఒకరి చేత రాయించు."

కోడలు ముందుగదిలో చాప మీద పన్నెండు కవర్లు పేర్చుకుని కూర్చుంది. ఒక్కో కవరులో ఓ సరుకుల పుస్తకం, ఓ ఆర్డరు ఫారం, ఓ పెన్ను, వేలెడంత మోకాళ్ల నూనె సీసా. నాలుగింటికి ఇంటికొచ్చే ఆడవాళ్లకు ఇవి పంచి, టీ ఇచ్చి, మంచి మాటలు చెప్పి, నూనె అమ్మాలి. ఆమెకిదే మొదటి పార్టీ.

"ఎవరి చేత రాయించనక్కా? నా దగ్గర ఇంతవరకూ ఒక్కరూ కొనలేదే!"

"మీ అత్తగారు వాడుతున్నారుగా?"

"నెల రోజులుగా రెండు పూటలా నేనే మర్దనా చేస్తున్నాను. బండరాయికి చేసినా ఈపాటికి కాస్త కదిలేది. ఆవిడ మంచం దిగలేదు."

"దిగారని రాయి. ఎప్పుడో ఒకప్పుడు దిగకపోతారా?"

కోడలు పెన్ను తీసి, 'మా అత్తగారికి నొప్పి కొంచెం తగ్గింది' అని రాసి చదివి వినిపించింది.

"కొంచెమా! కొంచెమంటే ఎవరు కొంటారే? దానికి కాస్త ప్రాణం పొయ్యి!"

పోసింది. అబద్ధానికి మొదటి అడుగే బరువు. ఆ తర్వాత అదే మనల్ని చంకనేసుకుని పరుగెడుతుంది. రెండో వాక్యంలో అత్తగారు మంచం దిగారు. నాలుగో వాక్యంలో డాబా మెట్లెక్కారు. కాగితం అడుక్కి వచ్చేసరికి, తూకంలో మోసం చేసిన కూరలబండివాణ్ణి మూడు వీధులు తరిమి పట్టుకున్నారు.

వీధి మలుపులో జిరాక్సు కొట్టతను పన్నెండు కాపీలు తీస్తూ కాగితం అంతా చదివాడు. "మీ అత్తగారు గట్టివారేనండీ," అన్నాడు. కోడలికి చెవులు కాలిపోయాయి.

ఇంటికొచ్చి కాగితాలు కవర్లలో దూరుస్తుంటే లోపలిగదిలోంచి మూలుగు వినిపించింది.

"అమ్మాయ్, కాసిని మంచినీళ్లియ్యవే. లేవలేకపోతున్నాను."

వెళ్లి, తల కింద చెయ్యి వేసి లేపి తాగించింది. అత్త ముఖంలోకి చూడలేకపోయింది. ఇవతలికొచ్చి తలుపు మూసి గొళ్లెం పెట్టింది.

"తలుపెందుకే?"

"బయట దుమ్ము, అత్తయ్యా."

నాలుగింటికి గది నిండింది. లీడరక్క అందరినీ నవ్వుతూ పలకరించి కవర్లు పంచింది. సరుకుల పుస్తకం ఒక్కరూ తెరవలేదు. అందరూ ఆ కాగితం మీదే పడ్డారు.

"మూడు వీధులే!" ఒకావిడ బుగ్గ నొక్కుకుంది. "ఏరీ ఆవిడ? ఒకసారి కళ్లారా చూద్దాం."

"నడకకి వెళ్లారు," అంది కోడలు.

"ఇవాళ ఇంకెవణ్ణి తరుముతున్నారో పాపం!" అంది మరొకావిడ. అందరూ గొల్లుమన్నారు.

నవ్వనిది పక్కింటి టైలరమ్మ ఒక్కతే. మిషను తొక్కి తొక్కి ఆమె మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. గోడ పట్టుకుని వచ్చి, కాళ్లు చాపుకుని కూర్చుని, ఆ కాగితాన్నే రెండోసారి చదువుతోంది.

"అమ్మాయ్, ఇంకెవరు రాసినా నమ్మేదాన్ని కాదు. నువ్వు రాశావు గనక నమ్ముతున్నా," అంది మెల్లగా. "ఎల్లుండే నాకు ఆపరేషను. ఎనిమిది నెలలు తిరిగితే దొరికిన తేదీ. కానీ కోతంటే నాకు పైప్రాణాలు పైనే పోతాయి తల్లీ. రానని ఆసుపత్రికి ఇప్పుడే చెప్పేస్తా. నాకు ఆరు సీసాలు రాసుకో."

ఫోను తీసి నంబరు వెతకసాగింది.

'నోరు తెరవకు' అని లీడరక్క కళ్లతోనే హెచ్చరించింది. కోడలు ఫారం మీద ఆరు వెయ్యబోయింది. ఎదురుగా చాపిన ఆ వాచిన కాళ్ల వైపు చూసింది. తన ఒంటి మీది జాకెట్టు కుట్టింది ఆ కాళ్లే.

"వద్దు పిన్నీ, ఫోను చెయ్యకండి!" గభాలున లేచి నిలబడింది. "అదంతా అబద్ధం. నేనే అల్లాను. మా అత్తయ్య నడకకీ వెళ్లలేదు, ఎవర్నీ తరమలేదు. రెండేళ్లుగా ఆ గదిలో మంచం దిగి ఎరగరు. నెల రోజులు ఈ నూనె రాశాను, వీసమెత్తు గుణం లేదు. నా పాపం మీ కాళ్లకి చుట్టుకోకూడదు. రండి, మీ కళ్లతోనే చూడండి!"

ఏడుస్తూ వెళ్లి, గొళ్లెం లాగి, తలుపు బార్లా తెరిచింది.

మంచం ఖాళీగా ఉంది. తలుపు పక్కగా, ఎత్తుపీట మీద మునివేళ్లపై నిలబడి, వెంటిలేటరులోంచి ముందుగదిలోకి తొంగి చూస్తోంది అత్త.

"నూనె పని చేసిందే!" అని కేకేసి టైలరమ్మ నంబరు నొక్కింది.

అత్త దేన్నీ పట్టుకోకుండానే పీట మీంచి కిందికి దూకింది. గబగబా వచ్చి ఆ ఫోను లాక్కుంది. కోడలి వైపు చూసే ధైర్యం లేక తల వంచుకుని గొణిగింది.

"ఆపరేషను మానుకోకు తల్లీ. ఆ నూనె మాత్రం ఏం చేస్తుంది, నా మోకాళ్లకి నొప్పంటూ ఉంటే కదా తగ్గించడానికి!"