వేడి తల, చన్నీళ్ళు

నెరెయ్దా పార్లర్‌లో మూడు డ్రయ్యర్ల కింద మూడు తలలు. జుట్టు నిండా రోలర్లు, ఒళ్ళో పత్రికలు, చెవుల్లో హోరు.

వాళ్ళకి ఎదురుగా యోకాస్తా. సగం తలకి రోలర్లు, సగం తల తడి. గోళ్ళరంగు సీసాలు పక్కకి నెట్టి, లాప్‌టాప్ తెరిచి పెట్టుకుని నిలబడింది.

రేపు రాజధాని సాంతో దొమింగోలో వైద్యుల సదస్సు. డెంగ్యూ దోమల మీద తను చేసిన పరిశోధన గురించి చెప్పడానికి ఆమెకి పావుగంట ఇచ్చారు.

పోయినేడూ ఇచ్చారు. ఆమె మాట్లాడినంతసేపూ హాలంతా ఫోన్లు చూసుకుంది.

ఈసారీ ఎవరూ వినకపోతే ఈ పేటలో ఆమె పని ఆపేస్తామని పై అధికారి నవ్వుతూనే చెప్పాడు. 

"జుట్టు ఎలాగూ చేయించుకోవాలి కదా. ఆ చెప్పేదేదో ఇక్కడే ఒకసారి చెప్పి చూసుకో పిల్లా," అని సలహా ఇచ్చింది నెరెయ్దాయే.

యోకాస్తా గొంతు సవరించుకుంది.

"గృహస్థాయి జల నిల్వలలో ఈడిస్ దోమ లార్వా సాంద్రతా సూచికల తులనాత్మక విశ్లేషణ."

ఎవరిదో పత్రికలో పేజీ తిరిగింది.

ఆమె పట్టికలు చూపించింది. రంగురంగుల గీతలు చూపించింది. నడిమి కుర్చీలో ఆవిడ నోరు తెరుచుకుని నిద్రపోయింది.

"నువ్వు చెప్పేది బాగానే ఉందమ్మాయ్," అంది చివరి కుర్చీలోంచి, పేటంతా గౌరవంగా 'దోన్యా' అని పిలిచే పెద్దావిడ కాండీదా, కళ్ళు మూసుకునే. "ఈ మిషను హోరు ఇంకా బాగుంది."

అందరూ నవ్వారు. యోకాస్తా కూడా నవ్వింది గానీ, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

నెరెయ్దా అది చూసింది.

"ఏంటే ఆ గీతలు, చిక్కుపడ్డ జుట్టులా? ముందు ఆ దోమ గుడ్లు ఎక్కడ పెడుతుందో అది చెప్పు."

"నీళ్ళ డ్రమ్ములో."

"అది మా పిల్లికి కూడా తెలుసు," అంది దోన్యా కాండీదా.

"నీళ్ళల్లో కాదు దోన్యా. డ్రమ్ము లోపలి గోడకి. నీళ్ళ అంచుకి కాస్త పైన."

దోన్యా కాండీదా కళ్ళు తెరిచింది. డ్రయ్యర్ టోపీ పైకెత్తింది.

"నేను ప్రతి ఆదివారం నీళ్ళన్నీ పారబోస్తున్నానుగా!"

"నీళ్ళే పోతాయి. గుడ్లు పోవు. గోడకి అంటుకుని, ఎండిపోయి, నెలల తరబడి కాచుక్కూర్చుంటాయి. మళ్ళీ నీళ్ళు నింపారా, పిల్లలవుతాయి."

మొదటి కుర్చీలో టోపీ కూడా లేచింది. ఆ టోపీ కిందావిడ, నిద్రపోతున్నావిడని మోచేత్తో పొడిచింది.

"కంటికి కనిపిస్తాయా?"

"మిరియాల పొడి చల్లినట్టుంటాయి. గోడకి క్లోరిన్ పూసి, కాసేపాగి, బ్రష్షుతో గీకెయ్యాలి. అంతే."

యోకాస్తా లాప్‌టాప్ వైపు చూడటం మానేసింది. గాల్లోనే డ్రమ్ము గీసింది. గాల్లోనే వంగి, దాని లోపలంతా గీకి చూపించింది.

ఎవరూ పేజీ తిప్పలేదు.

"ఆగస్టులో మా మనవడికి డెంగ్యూ వచ్చింది," అంది దోన్యా కాండీదా మెల్లగా. "సెలైన్ ఎక్కిస్తున్నంతసేపూ వెధవ నా వేలు వదల్లేదు. ఇల్లంతా అద్దంలా ఉంచుకుంటా కదా, ఎలా వచ్చిందని తల బాదుకున్నా."

ఆమె లేచింది. రోలర్లతోనే, తలలోంచి వేడి సెగలు వస్తుండగానే గుమ్మం దాటింది.

"దోన్యా! వేడి తలతో ఎక్కడికి? చన్నీళ్ళు ముట్టుకుంటే మూతి వంకరపోతుంది!" నెరెయ్దా గుండెలు బాదుకుంది.

ఈ పేట ఆడవాళ్ళకి అది ఉగ్గుపాలతో వచ్చిన భయం. డ్రయ్యర్ కింద నుంచి లేచిన మనిషి ఆ పూట ఫ్రిజ్ తలుపైనా తీయదు.

"పోతే పోనీవే! ఈ వయసులో నా మూతి ఎవడు చూడొచ్చాడు!" వీధిలోంచి వినిపించింది.

నడిమి ఆవిడ లేచింది. తలకి తువ్వాలు చుట్టుకుంటూ మూడో ఆవిడా లేచింది.

నెరెయ్దా ఖాళీ కుర్చీల వంక చూసింది. యోకాస్తా వంక చూసింది.

"నా బేరాలన్నీ తగలేశావు కదే!" అంటూనే బ్రష్షు వెతుక్కుని పెరట్లోకి నడిచింది.

"మరి నా తలో? సగమే అయింది!"

"సగం తలతోనే పో! వింటారులే!"

యోకాస్తాకి నవ్వు ఆగలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని పట్టికలు తీసేసింది. గీతలు తీసేసింది. ఆ బారెడు పేరు కూడా తీసేసి, 'మీ ఇంట్లో నీళ్ళ డ్రమ్ము ఉందా?' అని రాసింది.

నెరెయ్దా పని ముగించుకుని చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. మిగతా ఇళ్ళల్లోనూ బ్రష్షుల చప్పుడు సద్దుమణిగింది.

ఎదురింటి పెరట్లో దోన్యా కాండీదా మాత్రం ఇంకా గీకుతూనే ఉంది.