ఊరికే తిరిగే డిస్కు

"ఓపీ అటువైపమ్మా. ఇది సర్వర్ల గది."

తలుపు దగ్గర నిలబడ్డ ఆవిడ కదల్లేదు. అరవై దాటి ఉంటుంది. భుజాన గుడ్డ సంచి, కాళ్లకు అరిగిన చెప్పులు.

"మీ మూడో డిస్కు మార్చడానికి వచ్చాను బాబూ," అంది.

కంప్యూటర్ల ఇన్‌ఛార్జికి నవ్వాగలేదు.

పిల్లల గుండె జబ్బుల ఆస్పత్రి అది. ఏ పాపకు స్కాన్ తీసినా ఆ బొమ్మలన్నీ ఈ గదిలోని బీరువా అంత పెట్టెలోకి, అందులోని డిస్కుల్లోకి చేరాల్సిందే. పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప గుండెలో రంధ్రం పెరుగుతోందో పూడుతోందో డాక్టర్లు చెప్పలేరు. అలాంటి పెట్టెకు తను పెద్దదిక్కు. ఆ సంగతి ఆయన మరిచిపోడు, ఎవర్నీ మరిచిపోనివ్వడు.

"ఏం చెడిపోయిందని మారుస్తావ్? ఎవరు పిలిచారు నిన్ను?"

"మీ పెట్టే పిలిచింది."

ఆవిడ ఓపిగ్గా చెప్పుకొచ్చింది. ఆ పెట్టె తన డిస్కులను తనే పరీక్షించుకుంటూ ఉంటుందట. చదవడంలో తడబడుతున్న దాన్ని ముందే కనిపెట్టి కబురు పెడుతుందట. మూడోది తడబడుతోంది. ఇవాళ పనిచేస్తుంది, రేపూ చేయొచ్చు. పనిచేస్తుండగానే మార్చేస్తే ఒక్క బొమ్మ కూడా పోదు.

మూడో డిస్కు మీద పసుపు లైటు వెలిగి చాలా రోజులైంది. కళ్లలో గుచ్చుకుంటోందని దాని మీద ప్లాస్టర్ ముక్క అంటించింది ఇన్‌ఛార్జే. డిస్కు తిరుగుతూనే ఉంది కదా, లైటుదేముందిలే అనుకున్నాడు.

ఆవిడ ఆ ప్లాస్టర్ చూసింది. తర్వాత పెట్టె అడుగున ఖాళీగా ఉన్న అర చూసింది.

"ఇక్కడ స్పేర్ డిస్కు ఉండాలే?"

ఇన్‌ఛార్జి ముఖం మాడిపోయింది. అది పెద్ద డాక్టరుగారి గదిలో ఉంది. సినిమాలు దాచుకోవడానికి చోటు చాలట్లేదని ఆయన అంటే, తనే ఊడదీసి ఇచ్చి శభాష్ అనిపించుకున్నాడు.

"ఊరికే తిరుగుతోందని తీసేశాం. పనీపాటా లేనిదాన్ని ఎన్నాళ్లు మేపుతాం?"

"ఊరికే తిరగడమే దాని పని బాబూ. మిగతావాటిలో ఏది పడిపోయినా ఆ బరువు అదెత్తుకుంటుంది."

తన గదిలో తనకే పాఠం చెబుతోందని ఇన్‌ఛార్జికి ఒళ్లు మండింది. పెట్టె అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాడు. మేమెవర్నీ పంపలేదన్నారు వాళ్లు. మీతో మరమ్మతుల ఒప్పందం ఎప్పుడో ముగిసిపోయిందని కూడా గుర్తుచేశారు. ఇంకేం, దొంగ దొరికిందనుకున్నాడు. సెక్యూరిటీని పిలిచి సంచి దులిపించాడు.

దువ్వెన, మంచినీళ్ల సీసా, కళ్లజోడు డబ్బా, సీలు విప్పని కొత్త డిస్కు.

"ఇదెక్కడ కొట్టుకొచ్చావ్?"

ఆవిడ ఆ డిస్కును ఆయన వైపు జరిపింది.

"నన్ను పంపించేయండి, పర్లేదు. అది మాత్రం పెట్టించండి. పిల్లలవి ఉన్నాయి అందులో."

దొంగ సొత్తు అని ఆ డిస్కును అలమారలో పెట్టి తాళం వేశాడు. ఆవిణ్ణి గేటు దాకా నడిపించారు. మర్నాడు మళ్లీ వస్తే గేటు దగ్గరే ఆపేశారు. ఇంకోసారి కనిపిస్తే పోలీసులకు అప్పగిస్తామన్నారు. ఆ తర్వాత ఆవిడ రాలేదు.

కొన్నాళ్లకు మూడో డిస్కు ఆగిపోయింది. దాని బరువెత్తుకోవడానికి స్పేర్ లేదు. ఆ భారమంతా పక్కవాటి మీద పడి ఇంకొకటీ చచ్చింది. ఒకటి పోతే తట్టుకునే పెట్టె, రెండు పోయేసరికి మొత్తం మూగబోయింది.

ఆ పొద్దున ఒక పాపకు ఆపరేషన్. పాత బొమ్మలు లేనిదే కత్తి పట్టనన్నాడు సర్జన్. మళ్లీ మొదటి నుంచీ బొమ్మలు తీస్తూ నెలల తరబడి చూడాలన్నాడు. ఆ పాపకు నెలలు ఉన్నాయో లేదో ఆయన చెప్పలేదు.

పాప తల్లి సర్వర్ల గది తలుపు దగ్గరికొచ్చి నిలబడింది.

"మా పాప బొమ్మలు ఎక్కడికి పోతాయి సార్? మీ దగ్గరే కదా పెట్టారు?"

ఇన్‌ఛార్జి ఫోన్ అందుకుని కంపెనీకి చేశాడు.

కాళ్లావేళ్లా పడితే కంపెనీ ఇంజనీరు వచ్చాడు. ప్లాస్టర్ పీకాడు. స్పేర్ ఏదని అడిగాడు. ఇన్‌ఛార్జి నీళ్లు నమిలి నమిలి, చివరికి పెద్ద డాక్టరుగారి సినిమాల సంగతి చెప్పాడు. పోయిన డిస్కుల్లోంచి ఇక ఏమీ రాదని తేల్చేశాడు ఇంజనీరు. నెల రోజులుగా ఈ పెట్టె కబుర్లు పంపుతూనే ఉంది, చూసుకోలేదా అన్నాడు.

"నాకొక్కటీ రాలేదు."

ఆ కబుర్లు ఎవరికి పోతున్నాయో వెతికాడు ఇంజనీరు. ఒకే ఒక్క ఈమెయిల్ చిరునామా ఉంది. దాన్ని చూసి ఇన్‌ఛార్జి వైపు తిరిగాడు.

"ఆవిడ రాలేదా?"

"వచ్చింది. దొంగది. ఇదిగో, కొట్టుకొచ్చిన సొత్తు," అంటూ అలమార తెరిచాడు ఇన్‌ఛార్జి. అప్పటికీ ఆ గొంతులో దర్జా తగ్గలేదు.

ఇంజనీరు ఆ డిస్కును రెండు చేతులతో అందుకున్నాడు.

"మా దగ్గర డిస్కులు పరీక్షించేది ఆవిడ. నాకు పని నేర్పింది. రిటైరైపోయింది. ఒక్కగానొక్క కూతురు ఈ ఆస్పత్రిలోనే పోయింది. అప్పట్లో బొమ్మలు ఎక్స్‌రే ఫిల్ముల మీద ఉండేవి. చెమ్మకు ఒకదానికొకటి అతుక్కుపోయి ఆ పిల్ల ఆపరేషన్ వేళకు డాక్టర్లకు పనికిరాలేదట."

ఇన్‌ఛార్జి చెయ్యి అలమార తలుపు మీదే ఉండిపోయింది.

"ఒక్క డిస్కుకి దొంగని చేశారు. ఈ పెట్టె, ఇందులోని డిస్కులన్నీ, మీరు సినిమాలకిచ్చిన ఆ స్పేర్‌తో సహా, పేరు బయటపెట్టొద్దని ఈ ఆస్పత్రికి కొనిచ్చింది ఆవిడే సార్."