పదిహేడో నంబరు సీసా

"సీస ఇటియ్యి అక్కా. మీ ముచ్చట్లతోనే పొద్దు గూకుతున్నది" అంటూ నిర్మల గేటు దగ్గరే చెయ్యి చాచింది.

వచ్చినామె రమ. సరస్వతి ఆకు రసం మతిమరుపును ఆపుతుందేమోనని చేవెళ్లలో ఒక దవాఖాన వాళ్లు పరీక్ష పెట్టారు. రమ అక్కడ ఉద్యోగి. వారానికోసారి ఎంకపల్లికి వచ్చి, నిర్మల మామ కుర్మయ్యకు మందు సీసా ఇస్తుంది.

ఇచ్చి ఊరుకుంటేనా! రెండు గంటలు కదలదు.

"బాపూ, బంతిపూలు ఏ తొవ్వల తీస్కపోయేటోళ్లు? అవ్వను మొదలు ఏడ చూసిండ్రు?"

ఒకప్పుడు బంతిపూలు పండించి అమ్ముకున్న ఆయన తడుముకుంటూ చెప్పేవాడు. ఆమె విసుక్కోకుండా వినేది.

నాలుగు నెలల కిందట కుర్మయ్య తన భార్య బాలనర్సమ్మనే "ఎవరు నువ్వు?" అని అడిగాడు. యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషి! ఆ రోజు ఆమె నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

ఇప్పుడు "నర్సీ, చాయ్ పెట్టు" అంటున్నాడు. అంతా ఆకు మహిమేనని ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు.

"మందు పనిచేస్తున్నది గదత్తా, ఇంక ఈమె కూసునుడెందుకు?" అంది నిర్మల. బాలనర్సమ్మ కూడా తలూపింది. ఇంటి గుట్టు లాగుతుందేమోనని ఆమెకూ అనుమానమే.

"మంచిది అవ్వా" అని రమ సీసా ఇచ్చి వెళ్లిపోయింది. తర్వాతి వారాల్లోనూ గేటు దాటి లోపలికి రాలేదు.

నెల తిరిగేసరికి కుర్మయ్య మళ్లీ "ఎవరమ్మా నువ్వు?" అన్నాడు.

బాలనర్సమ్మ ఒక మూత మందుకు రెండు మూతలు పోసింది. ఏం లాభం లేదు. చివరికి ఖాళీ సీసా పట్టుకుని చేవెళ్ల ఆటో ఎక్కింది.

"జర గట్టి మందియ్యి సారూ. ఇది తాకుతలేదు."

డాక్టర్ జనార్దన్ సీసా మీద నంబరు చూశాడు. పదిహేడు. జాబితాలో వెతికాడు.

"అవ్వా, సగం మందికి ఆకు రసం, సగం మందికి ఉత్త బెల్లం నీళ్లు ఇచ్చినం. పరీక్ష అయిపోయేదాక ఎవరికేదో మాకు గూడ తెల్వదు. మొన్ననే జాబితా విప్పినం. మీ ఆయనకు వచ్చినవి బెల్లం నీళ్లే."

"మరి నన్ను గుర్తువట్టిండు గద సారూ!"

"అదే నాకు సమజైతలేదు. రమను గూడ సీస ఇచ్చి రమ్మన్నమే గని, ఇంకేం చెయ్యమని చెప్పలే."

బాలనర్సమ్మకు గేటు దగ్గరే ఆగిపోయిన రమ గుర్తొచ్చింది.

"ఏరు దాటకముందే తెప్ప తగలవెట్టుకుంటిమి గదా!"

"ఫికర్ చెయ్యకవ్వా. ఇప్పుడు అసలు ఆకు రసం ఇస్త."

"ఇయ్యి సారూ, వద్దంటలేను. ముందుగాల ఆ రమ ఏడున్నదో చెప్పు."

"వేరే పని మీద మోకిల ఊరికి పంపినం."

ఆమె కళ్లు తుడుచుకుని, గబగబా చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

"బతిమాలి తోల్కపోత. ఇన్ని దినాలు మా ఆయనకు మందైంది ఆ పిల్లనే సారూ."