బావమరిది బిగించిన ట్యాంకు

పంపు టక్కుమని ఆగింది. మీటరు మీద పదకొండు లీటర్లు.

"నిండిందన్నా," అంది పంపు దగ్గరి ఆవిడ.

"నలభై ఎనిమిది పట్టే ట్యాంకు పదకొండుకే నిండుతుందా చెల్లెమ్మా? నువ్వు బండికి గ్యాస్ కొడుతున్నావా, నాకు కొడుతున్నావా?" అన్నాడు కారు డ్రైవరు.

"నా పంపుకేం రోగం లేదు. నీ బండికే కడుపు మాడ్చుకునే జబ్బు."

డ్రైవరు గడియారం చూసుకున్నాడు. ఎనిమిదిన్నర. తొమ్మిదికల్లా నర్సులను ఆసుపత్రిలో దించాలి. పదకొండు లీటర్లు రెండు ట్రిప్పులకు మించి రావు. మూడో ట్రిప్పుకు మళ్లీ బంకు, మళ్లీ వరస. ఇలా ఇప్పటికే రెండుసార్లు ఆలస్యమైంది. మూడోసారి ఆలస్యమైతే బండినే కాదు, బండివాణ్ణి కూడా మార్చేస్తానని ఆసుపత్రి మేనేజరు నిన్ననే చెప్పాడు.

"ట్యాంకు వేడెక్కినా గ్యాసు ఎక్కదన్నావు, తడిగోనె కప్పాను. ఫిల్టరు మూసుకుపోయిందన్నావు, కడిగించాను. ఇంకేం చెయ్యమంటావు?"

"ఇక మిగిలింది లోపలి ఫ్లోటు. గ్యాస్ నిండగానే అది పైకి తేలి దారి మూసేస్తుంది. నీ ట్యాంకు వంకరగా బిగించారు, అందుకే అది ముందే తేలిపోతోంది. బిగించినవాణ్ణి పట్టుకో."

"ఎలా పట్టుకోను? బిగించింది మా బావమరిది."

"అయితే మరీ మంచిది, గట్టిగా అడుగు."

"ఉచితంగా బిగించాడమ్మా. ఉచితమన్నాక ఉచితానుచితాలు మాట్లాడకూడదు. ట్యాంకు వంకరంటే ఇంట్లో మా ఆవిడ మూతి వంకర. ఈ వరసలో నిలబడ్డానికి ఆ వరసే కారణం."

వెనక హారన్లు మోగాయి. ఆవిడ తరువాతి బండి దగ్గరకు వెళ్లిపోయింది. డ్రైవరు కారును పక్కకు తీసి, స్టీరింగు మీద తల వాల్చాడు.

"ఏం తమ్ముడూ, పొద్దున్నే దణ్ణాలు పెడుతున్నావు?"

తలెత్తి చూస్తే పెద్ద తోడల్లుడు. బీమా ఏజెంటు. టైర్లలో గాలి కొట్టించుకోవడానికి వచ్చాడు. ఆయనదీ అదే మోడలు, అదే రంగు, అదే బావమరిది ఉచితంగా బిగించిన గ్యాసు.

డ్రైవరు గోడంతా వెళ్లబోసుకున్నాడు. "నీ బండి ఎలా ఉందన్నయ్యా?"

"నా బండా? బిగించి ఏడాదైంది. మొదటిరోజు తప్ప ఇంతవరకూ ఈ గ్యాసు వరసలో నిలబడితే ఒట్టు."

"అంత మైలేజీ ఇస్తోందా?"

"ట్యాంకు తరిగితే కదా." తోడల్లుడు ఓ క్షణం ఆలోచించి గొంతు తగ్గించాడు. "ఓ పని చెయ్యి. నా బండి నువ్వు తీసుకో, నీది నాకివ్వు. నాకెంత, ఇల్లూ ఆఫీసూ. పదకొండు లీటర్లు వారం వస్తాయి. కాగితాలు తీరిగ్గా మార్చుకుందాం. ఇంట్లో మాత్రం చెప్పకు, వాళ్ల తమ్ముడు చిన్నబుచ్చుకుంటాడు."

డ్రైవరు ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "తోడల్లుడంటే తోడుండే అల్లుడని ఇవాళ తెలిసిందన్నయ్యా."

తాళాలు చేతులు మారాయి. గాలి కోసం వచ్చిన పెద్దమనిషి గాలి సంగతే మరిచి గాలిలా వెళ్లిపోయాడు.

డ్రైవరు కొత్త బండి ఎక్కి, పెట్రోలు ముల్లు అడుగున పడుకుని ఉండటం చూసి నవ్వుకున్నాడు. గ్యాసు ఉండగా పెట్రోలెందుకు? మధ్యాహ్నం మళ్లీ రాకుండా ఇప్పుడే గ్యాసు నింపేద్దామని పంపు దగ్గరకు పోనిచ్చాడు.

ఆవిడ గొట్టం తగిలించింది. పంపు అప్పుడే టక్కుమంది. మీటరు మీద సున్నా.

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు. "దీనికీ ఎక్కదా?"

"ఎక్కడానికి చోటేదీ? నిండుగా ఉంది."

డ్రైవరు మనసులోనే తోడల్లుడికి దణ్ణం పెట్టాడు. బండిస్తే బండి, నిండు ట్యాంకుతో ఇచ్చాడు మహానుభావుడు. దర్జాగా గ్యాసు బటన్ నొక్కి తాళం తిప్పాడు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. ఈసారి దగ్గు కూడా లేదు. ఫోన్లో నర్సు, "ఎక్కడున్నావు? తొమ్మిదవుతోంది," అంటోంది.

"చెల్లెమ్మా," అన్నాడు నీరసంగా, "నిండుగా ఉందన్నావు, మరి కదలదేం?"

ఆవిడ నంబరు ప్లేటు వంక తొంగిచూసి నాలిక్కరుచుకుంది.

"ఇది బీమా ఆయన బండి కదా. అందులో ఉన్నది పోయిన ఏడాది నేను కొట్టిన గ్యాసేనన్నా. నీ బండి మింగదు, ఇది కక్కదు."