రెండు వేళ్ళ పొడుగు

మనవరాలు కరుణ బ్యాగులో ఎలీసమ్మ అన్నిటికంటే అడుగున క్రీము ట్యూబులు సర్దింది.

వాటిమీద దుప్పటి, రెండు జతల బట్టలు, జంతికల డబ్బా. అన్నిటికీ పైన గొడుగు.

మనవరాలికి పదకొండేళ్ళు. పుట్టినప్పటి నుంచీ ఒళ్ళు తెలుపు, జుట్టు తెలుపు, కనురెప్పలు కూడా తెలుపే. కాస్త ఎండ తగిలితే చాలు, చర్మం పొక్కిపోతుంది. మామిడికుదురులో అందరూ దొరసాని అనే పిలుస్తారు.

ఆ రోజు దొరసాని కాకినాడ హాస్టలుకి వెళ్తోంది.

"మామ్మగారూ, సర్దేశారా?" వాకిట్లోంచి కేక.

"ఆయ్, రండి మేడమ్ గారూ."

వచ్చింది సుప్రియ. ఆవిడా కరుణలాంటి తెల్లటి మనిషే. నిరుడు బస్సులో పోతూ, మిట్టమధ్యాహ్నం రోడ్డు పక్కన తొక్కుడుబిళ్ళ ఆడుతున్న కరుణని చూసి, బస్సు ఆపించి దిగిపోయింది. అప్పటి నుంచీ నెలకోసారి వస్తోంది. వచ్చినప్పుడల్లా సన్‌స్క్రీన్ ట్యూబు ఒకటి చేతిలో పెడుతోంది.

"దొరసానికి దొరసాని చుట్టం దొరికిందే ఎలీసమ్మొదినా!" అంది పక్కింటి బుజ్జమ్మ.

చుట్టమో ఎవరో ఎలీసమ్మ అడగలేదు. ఆసుపత్రి తరఫున మందులు పంచే మేడమ్ అనుకుంది. "మరి మీకండీ?" అని ఒక్కసారి అడిగితే, "నాకు బోలెడొస్తాయండి" అని సుప్రియ నవ్వేసింది.

"కరుణా, ఇలా రా. పొద్దున్న క్రీము రాసుకున్నావా?"

"అమ్మమ్మ రాసింది."

"ఎంత?"

కరుణ చిటికెనవేలి కొస చూపించింది. "శెనగ్గింజంత."

"మరీ అంతేనా!"

"చర్చికెళ్ళేటప్పుడు కూడా రాస్తన్నానండి," అంది ఎలీసమ్మ, తన తప్పేమీ లేదన్నట్టు.

"ఎండ ఆదివారం ఒక్కరోజే కాస్తుందాండీ మామ్మగారూ?"

కరుణ పకపకా నవ్వింది.

"మరి ఇన్ని నెలలుగా ఇచ్చినవి ఏం చేశారండి?"

కరుణే బ్యాగు లాగి మంచం మీద బోర్లించింది. దుప్పటి కింద నుంచి పది ట్యూబులు దొర్లాయి.

సుప్రియ ఒకదాన్ని ముక్కు దగ్గరికి పెట్టుకుని చూసింది. ఆవిడకీ కరుణలాగే దూరం ఆనదు.

"ఒక్కదానికీ మూతే తియ్యలేదు!"

"మొదటిదే ఇంకా సగముందండి."

"దాచుకునేది కాదండి ఇది. తేదీ దాటిపోతే పనిచెయ్యదు. అయిపోతే నేను మళ్ళీ తెస్తాను కదా."

"మీరు రాకపోతేనో?"

"ఎందుకు రానండీ?"

"దీని తల్లీ అలాగే అంది, మస్కట్ వెళ్ళేటప్పుడు. రెండేళ్ళు ఫోను చేసింది. మూడో ఏడు లేదు." ఎలీసమ్మ దుప్పటి మళ్ళీ మడతపెట్టసాగింది. "అందుకని దాచేనండి."

సుప్రియ ఎడమ చెవి మీది ప్లాస్టరు తడుముకుంది.

"చెవికేమైందండీ?"

"ఏదో కురుపండి. మానట్లేదు. చూపించుకోవాలి."

చేతిలో ట్యూబు ఇంకా అలాగే ఉంది. దాన్నే చూస్తూ అడిగింది.

"ఇందులో ఒకటి నేను తీసుకోనా మామ్మగారూ?"

ఎలీసమ్మ చెయ్యి దానంతటదే బ్యాగు మీదికి పోయింది.

"ఇచ్చింది మళ్ళీ పట్టుకెళ్ళిపోతారేంటండీ! మీకు బోలెడొస్తాయి కదా."

"అవునవును," అని నవ్వి, సుప్రియ దాని మూత తీసింది.

"చూడు కరుణా. చూపుడువేలు, నడిమివేలు చాపు. ఈ రెండిటి పొడుగునా పెట్టుకోవాలి. అది మొహానికీ మెడకీ మాత్రమే. చేతులకి వేరే. చెవులు మాత్రం మర్చిపోకు. బయటికెళ్ళే పావుగంట ముందు ఒకసారి, మళ్ళీ రెండు గంటలకోసారి. మబ్బేసినా సరే. అర్థమైందా?"

"ఆయ్."

పిల్ల మొహమంతా సుప్రియే రాసింది. వేళ్ళకి అంటుకుని మిగిలింది తన మెడకి పామేసుకుంది.

కాకినాడ బస్సు కదిలేదాకా ఆవిడ రోడ్డు మీదే నిలబడి చెయ్యి ఊపింది.

జులైలో సుప్రియ రాలేదు. ఆగస్టులోనూ రాలేదు. ఎలీసమ్మ మొదటి నెల వాకిట్లో కుర్చీ వేసింది, రెండో నెల వెయ్యలేదు. ఏడుపు రాలేదు. తను అనుకున్నట్టే అయిందని మాత్రం అనిపించింది.

సెప్టెంబరులో కరుణ ఫోను చేసింది.

"అమ్మమ్మా, రెండు వేళ్ళ పొడుగే పెట్టుకుంటున్నా. ఒళ్ళు పొక్కట్లేదు. ట్యూబులు ఇంక రెండే ఉన్నాయి."

"మంచిదమ్మా."

"వాటిమీద చిన్న చీటీలుంటాయి చూడు, ఇంగ్లీషులో. అవి మా వార్డెన్ లావణ్య మేడమ్ చదివింది. అన్నిటి మీదా ఒకటే పేరంట."

"కంపెనీ పేరా?"

"కాదు. సుప్రియ మేడమ్ పేరు. పేషెంటు అని ఉందంట. నెలకి ఒక్కటే అని కూడా ఉందంట."

ఎలీసమ్మ ఫోను ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకుంది.

"ఇంకోటి ఇస్తారేమోనని వార్డెన్ మేడమ్ చీటీ మీదున్న ఆసుపత్రికి ఫోన్ చేసింది అమ్మమ్మా. ఆ పేరు మీద ఇంక ఇవ్వరంట."

"ఎందుకంట?"

కరుణ చెప్పింది.

పదకొండు నెలలు తన ఒంటికి రాసుకోవలసిన మందు తెచ్చి ఇచ్చిన ఆ మనిషి, చెవి మీది క్యాన్సరు పుండుకి ఆపరేషనని జులై తొమ్మిదిన ఆసుపత్రికి వెళ్ళి, మరి ప్రాణాలతో తిరిగి రాలేదు.