గుండె బండిలో మంచం లేదు

వీధి చివర ఆగిన గుండె బండిలో హైమావతికి స్టెంట్ వేసి, మధ్యాహ్నానికల్లా ఇంటికి పంపేశారు. ఇప్పుడు ఊరందరికీ అంతే. "ఇవాళ కుడిచేత్తో బరువెత్తకండమ్మా, స్టెంట్ ఎక్కించిన మణికట్టు దగ్గర రక్తం కారుతుంది" అని నర్సు మరీమరీ చెప్పింది.

ఇంటికొస్తే గుమ్మం నిండా చెప్పులు. ఆడపడుచు సుగుణ అత్తింటివాళ్లందరినీ వెంటేసుకుని పరామర్శకు దిగింది.

"వచ్చావా వదినా! నీ చేతి పులిహోర పెట్టిస్తానని వీళ్లకి మాటిచ్చేశాను."

"ఇప్పుడేగా నా గుండెకి..."

"బండివాళ్లు గోడకి బిగించిన నీ గుండె దీపం, అంతా బాగుందని పచ్చగా వెలుగుతుంటే ఇంకేం? మా అందరికంటే నువ్వే నయం!"

భర్త ఆదినారాయణ పొయ్యిమీద ఉడుకుతున్న అన్నపు గుండిగ చూపించాడు. "పరామర్శకొచ్చినవాళ్లని పస్తు పంపుతామా? గంజి వార్చెయ్, నేను అరిటాకులు తెస్తా."

హైమావతి పళ్లు బిగించి గుండిగ ఎత్తింది. మణికట్టు మీది కట్టు ఎర్రగా తడిసింది. గోడమీద దీపం మాత్రం పచ్చగానే ఉంది. ఒళ్లు మండిపోయి, గుండిగ దబ్బున దించి, చెప్పుల్లేకుండానే బండి దగ్గరికి నడిచింది.

"రాత్రికి నన్నిక్కడే ఉంచండి."

నర్సు కంగారుగా కట్టు బిగించింది. "మంచాలెక్కడివమ్మా? ఆస్పత్రుల్లోనే తీసేసి ఎన్నేళ్లయింది!"

"అయితే స్టెంట్ వేసే ఈ బల్ల చాలు." హైమావతి ఎక్కి పడుకుంది.

వెనకే వచ్చిన ఆదినారాయణ గదమాయించాడు. "లేవే! చుట్టాల ముందు పరువు తీస్తున్నావ్."

తన వంతు కోసం కూర్చున్న ముసలావిడ చేతికర్ర అడ్డం పెట్టింది. "ఆవిణ్ని లేపావో, చూడు! నాకు కిందే వెయ్యండమ్మా స్టెంటు. మా ఇంటికీ దిగారు చుట్టాలు."